కబురుపొర

అలలపేటలో ఎడమ మణికట్టు వెచ్చబడిందంటే ఊళ్ళో ఇంకెవరికో ఏదో అయిందని అర్థం. చేపలు బాగుచేస్తున్న ఆవిడ కత్తిపీటకి వేలు కోసుకుంటుంది. రెండు వీధుల అవతల క్షవరం చేయించుకుంటున్నాయనకి మణికట్టు గోరువెచ్చనవుతుంది. "ఎవరికో ఏదో అయిందర్రా" అని ఆయన మళ్ళీ తల వంచుతాడు. కొత్తగా వచ్చిన చుట్టాలు మాత్రం ఉలిక్కిపడి చెయ్యి దులుపుకుంటారు. ఊరివాళ్ళు వాళ్ళని చూసి కడుపుబ్బ నవ్వుకుంటారు.

కాకినాడ తీరానికి దూరంగా, సముద్రపు గాలిమరల కోసం కట్టిన తేలే ఊరు అది. పేరుకి ఊరే గాని, ఒకదానికొకటి గొలుసులేసి కట్టిన పెద్ద పెద్ద తెప్పలు. ఇరుకిళ్ళు, ఇరుకు వీధులు. అలాంటి చోట ఒకరికి జ్వరమొస్తే ఊరంతా మంచం పట్టాల్సిందే. తొలి రోజుల్లో రెండుసార్లు అలాగే అయింది కూడా. ఊరు ఖాళీ చేసి పోదామనుకుంటున్న సమయంలో డాక్టర్ ముక్తేశ్వరి కబురుపొరని కనిపెట్టింది.

ఆవిడ చదువంతా రక్తనాళాల గురించే. మన రక్తనాళాల లోపలి గోడకి ఒకే ఒక్క కణం మందాన ఒక అస్తరు ఉంటుంది. శాస్త్రవేత్తలు దాన్ని ఎండోథీలియం అంటారు. మామూలు రోజుల్లో అది నున్నగా ఉంటుంది, రక్తం జారిపోతూ ఉంటుంది. ఒంట్లో ఎక్కడైనా క్రిమి చొరబడితే అక్కడి కణాలు సైటోకైన్లనే రసాయనాలను వదులుతాయి. అవి మంటకబుర్లు. ఆ కబురు తగలగానే అస్తరు స్వభావమే మారిపోతుంది. నున్నని గోడ మీద సన్నని కొక్కేలు లేస్తాయి. పరుగెత్తుతున్న తెల్లకణాలు వాటికి తగులుకుని ఆగుతాయి. పక్కపక్క కణాల మధ్య అతుకులు సడలి దారి ఇస్తే, తెల్లకణాలు ఆ సందులోంచి దూరి క్రిమి మీదికి పోతాయి. దెబ్బ తగిలిన చోట వాపు అందుకే వస్తుంది. అది ఒక్కచోట జరిగితే వైద్యం. ఒళ్ళంతా ఒకేసారి జరిగితే మాత్రం, రక్తంలోని నీరంతా సందుల్లోంచి కారిపోయి, ఊపిరితిత్తులు నిండి, మనిషి ఒడ్డున కూర్చునే మునిగిపోతాడు.

ముక్తేశ్వరి ఆ అస్తరు మీద ఇంకో పొర పెంచింది. అది మంటకబురు విని, మణికట్టులోని చిన్న ట్రాన్స్‌మిటర్ ద్వారా ఊళ్ళో అందరికీ చేరవేస్తుంది. విన్నవాళ్ళ రక్తనాళాలు రవ్వంత ముందే సిద్ధపడతాయి. క్రిమి పక్కింటికి చేరేసరికి అక్కడ కాపలా ఉంటుంది. పన్నెండేళ్ళుగా అలలపేటలో అంటురోగం అన్న మాట లేదు.

ఈ ఏర్పాటుకి ఆవిడ మూడు కట్టుబాట్లు పెట్టింది. రక్తసంబంధీకులకి కబురు గట్టిగా వినిపించాలి, ఎందుకంటే ఒక కంచంలో తినేది వాళ్ళే. మంట చల్లారిందన్న ఊరటకబురు మాత్రం, మొదట మంటకబురు పంపిన ఒంట్లోంచే రావాలి. మందులతో నోరు నొక్కితే చెల్లదు, ఆ మనిషిని వరసలోంచి తీసేసినా ఆఖరి కబురే నిలిచి ఉంటుంది. పంపిందెవరో ఊరి ప్రెసిడెంటు ఒప్పుకుంటే తప్ప ఎవరికీ తెలియకూడదు. వీటిని కాపాడే యంత్రానికి వాహిని అని పేరు పెట్టింది. తప్పుడు ఊరటతో ఎవరి ప్రాణమూ పోకూడదని ఆవిడ పట్టుదల. తాను గీసిన గీత తన కాళ్ళకే అడ్డం పడుతుందని అప్పుడు ఆవిడకేం తెలుసు!

ఆ జ్యేష్ఠమాసంలో, వానలు ఇంకా పడకముందే, అలలపేటలో అందరి మణికట్లూ వెచ్చబడ్డాయి. చల్లబడలేదు. మర్నాటికి కొందరికి కాళ్ళు వాచాయి. ఆ మర్నాటికి ఆసుపత్రిలో మంచాలు చాల్లేదు. వాళ్ళందరిలోకీ ప్రమాదంగా ఉన్నది హిమజకి. ముక్తేశ్వరి చెల్లెలు సత్యవేణి కూతురు. నెలలు నిండిన మనిషి. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది, రక్తపోటు పడిపోతోంది. ఈ స్థితిలో ఆపరేషన్ చేస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరన్నారు డాక్టర్లు. పొరని ఆపేద్దామంటే అదీ కుదరదు. ముందురోజు ఒకాయనకి ఆపి చూస్తే, లేచిన కొక్కేలు లేచినట్టే ఉండి, అతుకులు మరీ వదులై ప్రాణం మీదికొచ్చింది. మళ్ళీ కలిపి ఎలాగో నిలబెట్టారు.

"క్రిమి లేదండి," అన్నాడు రత్నాజీ. ముక్తేశ్వరి దగ్గర పనిచేసే సిగ్నల్ ఇంజనీరతను. "మళ్ళీ మళ్ళీ వెతికించానండి. వైరస్సు లేదు, బాక్టీరియా లేదు, బూజు లేదు. మంట మాత్రం మండిపోతోందండి."

"క్రిమి లేకుండా మంట ఎక్కణ్ణుంచి వస్తుందయ్యా?"

"అదే నాకూ అర్థం కావట్లేదండి. కబురు ఎక్కడో ఒక్కచోట పుడుతోంది. ప్రెసిడెంటుగారు పేరు చూడ్డానికి ఒప్పుకున్నారు. అడగమంటారా?"

"అడుగు. ఇంకా ఆలోచిస్తావేం? అక్కడ పిల్ల పోయేలా ఉంది!"

రత్నాజీ అడిగాడు. వాహిని గొంతులో ఎప్పుడూ ఉండే నిదానమే.

"పంపుతున్నవారు ఒక్కరే. ఈ గదిలోనే ఉన్నారు."

రత్నాజీ ముఖంలో నెత్తురుచుక్క లేదు. "నేనా? బాబోయ్, నాకేం లేదండీ! మొన్న తుమ్మానంతే, అదీ మిరపకాయలు వేయిస్తుంటే..."

"మీరు కాదు," అంది వాహిని.

గదిలో మిగిలిన మనిషి ఒక్కరే. ముక్తేశ్వరి ముందు నవ్వింది. తర్వాత గబగబా తన రక్తం తనే తీసి యంత్రంలో పెట్టింది. జబ్బేమీ లేదు. కాని ఇంటర్‌ల్యూకిన్లు, అంటే మంటకబుర్లలో ముఖ్యమైనవి, ఉండాల్సినదానికన్నా కొంచెం ఎక్కువున్నాయి. చాలాకాలంగా అలాగే ఉన్నట్టున్నాయి. రోజూ కారం తినే నోటికి మంట తెలియనట్టు, ఆవిడ రక్తనాళాలు దానికి అలవాటు పడిపోయాయి. తెలియనిది ఆవిడకే. విన్నవాళ్ళు కాలిపోతున్నారు.

"ఎప్పట్నుంచి?" అంది.

"మాఘమాసంలో ఒక ఆదివారం, భోజనాల వేళ మొదలైంది. నాలుగు రోజుల క్రితం వరకు అది నా వినికిడి హద్దు కంటే తక్కువగా ఉండేది. వానలు రాబోతున్నాయి, గుసగుసను కూడా వదలవద్దని మీరు హద్దు తగ్గించారు. అప్పట్నుంచి వినిపిస్తోంది. కొన్ని మాటలు నా ముందు అన్నప్పుడు పెరుగుతుంది."

"ఏ మాటలు?"

"చెల్లెలు. శ్రీమంతం. మనింటి మనిషి."

క్రిమి వస్తేనే ఒళ్ళు మండాలని రూలేమీ లేదు. లోపల దిగమింగుకున్న కోపానికి కూడా శరీరం అదే రసాయనాన్ని వదులుతుందని ముక్తేశ్వరే పిల్లలకి పాఠం చెప్పేది. కాని అది తన సంగతి అనుకోలేదు.

"నాకు కోపమా? నేను గొంతు పెంచడం నువ్వెప్పుడైనా విన్నావా రత్నాజీ?"

"లేదండి," అన్నాడతను మెల్లగా. "అదేనండి నా భయం."

ఆవిడ మాత్రలు వేసుకుంది. చెల్లదు అంది వాహిని. కళ్ళు మూసుకుని ప్రాణాయామం చేసింది. కోపం లేదు, కోపం లేదు అని మనసులో జపం చేసింది. తెర మీద మంటకబురు జోరు చూపించే ముల్లు కదల్లేదు సరికదా, జపం చేసిన కొద్దీ కాస్త పైకే పోయింది. ఇంతలో ఆసుపత్రి నుంచి ఫోను. హిమజకి ఆక్సిజన్ నిలవడంలేదట. ముక్తేశ్వరి చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. మణికట్టుకి కట్టుకున్న చిన్న తెరలో ఆ ముల్లునే చూసుకుంటూ రత్నాజీ వెనకే పరుగెత్తాడు.

హిమజ ముఖం ఉబ్బి, పెదాలు నీలం తిరిగి ఉంది. మాస్కు లోపల ఊపిరి గరగరమంటోంది. తల్లి సత్యవేణి మంచం పట్టుకుని నిలబడి ఉంది. అక్కని చూడగానే ఏడుపు ముంచుకొచ్చింది.

"ఏదో ఒకటి చెయ్యవే అక్కా! ఇంత కనిపెట్టినదానివి, నా బిడ్డని దక్కించలేవా?"

"సత్యా, ఈ మంట నాదేనే. నా ఒంట్లోంచే పోతోంది. నీ మీద కోపంట."

"నా మీదా! దేనికి?"

ముక్తేశ్వరికి నోట మాట వచ్చింది గాని, వచ్చింది వేరే మాట. "అబ్బే, ఏముంది, పాతది. నేనెప్పుడో మర్చిపోయాను. నువ్వూ పట్టించుకోకు."

"పెరిగిందండి," అన్నాడు రత్నాజీ.

"నిజంగానే మర్చిపోయానయ్యా!"

"ఇంకా పెరిగిందండి."

హిమజ పక్కన యంత్రం కీచుమంది. సత్యవేణికి ఒక్కసారిగా అంతా అర్థమైంది. అర్థం కాకుండా ఎలా ఉంటుంది? నాలుగు నెలలుగా ఆవిడ గుండెలోనూ ఆ ముల్లు గుచ్చుకునే ఉంది.

శుభకార్యానికి ఆడవాళ్ళని ఫోనులో పిలవరు. ఇంటికి వెళ్ళి, గుమ్మంలో నిలబడి, నుదుట బొట్టు పెట్టి పిలుస్తారు. సముద్రం మీద ఊళ్ళు కట్టినా ఆ పద్ధతి పోలేదు. హిమజ శ్రీమంతానికి సత్యవేణి అలలపేటలో గడపగడపకీ తిరిగి బొట్టు పెట్టింది. చేపలమ్మే ఆవిడకి పెట్టింది, కొత్తగా అద్దెకు దిగినవాళ్ళకి పెట్టింది. సొంత అక్కకి మాత్రం మెసేజీ పంపింది. 'నువ్వు మనింటి మనిషివి, నీకు బొట్టు పెట్టి పిలవడమేంటక్కా, తెల్లారే వచ్చెయ్యి' అని. ముక్తేశ్వరి తెల్లారే వెళ్ళింది. పట్టుచీర పెట్టింది. నవ్వుతూ వడ్డించింది. గాజులు తొడిగే వేళకి వంటింట్లో పనుందని తనే తప్పుకుంది. ఎవరూ పిలవలేదు కూడా. ఆవిడ భర్త పోయి మూడేళ్ళు.

సత్యవేణి చేతిసంచి దులిపింది. ఎప్పటిదో గుడి కుంకం పొట్లం దొరికింది. అక్క నుదుటి మీద ఇంత బొట్టు పెట్టేసింది.

"ఇదిగో, పెట్టేశాను. తప్పయిపోయింది. బారసాలకి నువ్వే పీటల మీద కూర్చుందువు గాని. నా బిడ్డని వదిలెయ్యవే అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను, వదిలెయ్యి!"

రత్నాజీ తెర మీద ముల్లు అంచుకి కొట్టుకుంది. హిమజ ఒళ్ళు ఎగిరిపడింది. నర్సు పరుగెత్తుకొచ్చింది.

"వదిలెయ్యడానికి నేనేమన్నా దెయ్యాన్నా?"

ఆ కేక వార్డంతా వినిపించింది. ముక్తేశ్వరి గొంతు అదని గుర్తుపట్టినవాళ్ళు లేరు, ఎందుకంటే అలా ఎవరూ వినలేదు.

"దెయ్యాన్నేనా చెప్పవే! మొగుడు పోయినదాన్ని, నా చెయ్యి తగిలితే పిల్లకి ఏదో అవుతుందనేగా నీ భయం? అది చెప్పడానికి నోరు రాక మనింటి మనిషివని తేనె పూశావు! నీ కూతురి పెళ్ళి ఆగిపోకూడదని కదే, కాకినాడ ఆసుపత్రిలో ఆయన శవం పక్కన ఒక్కదాన్నే నోట్లో కొంగు కుక్కుకుని కూర్చున్నాను! పెళ్ళి పందిట్లోంచి ఒక్కరిని కదలనివ్వలేదే! అలాంటిదాన్ని వంటింట్లోకి తోస్తావా?"

"ఇది ఐసీయూ అండీ! పేషెంటు దగ్గర ఈ అరుపులేంటి? బయటకి నడవండి," అంటూ నర్సు మధ్యకి వచ్చింది.

"ఆపకండమ్మా!" రత్నాజీ నర్సు చెయ్యి పట్టుకున్నాడు. "మీకు దణ్ణం పెడతాను, ఆపకండి. తగ్గుతోంది."

నిజమే. ముల్లు వణుకుతూ దిగుతోంది. సత్యవేణి చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటోంది. చివరికి తల ఊపింది.

"అవును. భయమే," అంది. "నువ్వు గాజులు తొడిగితే ఏమన్నా అవుతుందేమోనని వియ్యపురాలు అంది. నేను కాదనలేదు. నాకూ అనిపించింది. పాపిష్టిదాన్ని, నా అక్కని చూసి నాకే భయమేసింది."

వినకూడని మాటే అది. కాని విన్నాక ముక్తేశ్వరి ఒంట్లో ఏదో వదులైంది. నాలుగు నెలలుగా ఆవిడని కాల్చింది బొట్టు లేకపోవడం ఒక్కటే కాదు, దాని మీద పూసిన తీపి మాట కూడా. ఆవిడ మంచం కోడు పట్టుకుని ఏడ్చింది. సగం దాకా దిగింది ముల్లు. అక్కడ ఆగిపోయింది.

"ఇంకా సగం ఉందండి. కదలట్లేదు," అన్నాడు రత్నాజీ.

"నా దగ్గర ఇంకేం లేదయ్యా. అంతా కక్కేశాను."

రత్నాజీ మణికట్టు నోటి దగ్గర పెట్టుకుని వాహినిని అడిగాడు. జవాబు అందరికీ వినిపించింది.

"ఆవిడ కబురు ఆగిపోయింది. ఇది ఇంకొకరిది. పెద్ద గొంతు చాటున ఇన్నాళ్ళూ విడిగా వినిపించలేదు. మంచానికి అవతలి పక్కన ఉన్నారు."

అందరూ సత్యవేణి వైపు చూశారు.

"నాకా? నాకెవరిమీదండీ కోపం?" సత్యవేణి గుండెల మీద చెయ్యి వేసుకుంది. "బిడ్డ ఇలా పడుంటే నాకు కోపాలా? మా అక్కంటే నాకు దేవత!"

"పెరిగిందండి," అన్నాడు రత్నాజీ నీరసంగా.

హిమజ యంత్రం మళ్ళీ కీచుమంది. సత్యవేణి కూతురి ముఖం చూసింది. అక్క ముఖం చూసింది. పళ్ళు బిగించింది.

"దేవతట, దేవత! ఊరంతా అదే మాట. చెల్లెలి కూతురి పెళ్ళి కోసం మొగుడి చావు దాచుకుందని! నేనడిగానా? దాచమని నేనడిగానా నిన్ను? బావ నన్ను సైకిలు మీద ఎక్కించుకుని బళ్ళో దింపేవాడే. నాన్న పోయాక నాకు నాన్న ఆయనే. ఆయన అక్కడ కాలిపోతుంటే నేనిక్కడ తలంబ్రాలకి చప్పట్లు కొట్టాను! ఆ పెళ్ళి ఫోటోలు ఈ రోజుకీ చూడలేదే నేను, నా నవ్వు చూస్తే నాకే అసహ్యం. పోయిన మూడో రోజున కబురు పెట్టావు. తట్టుకోలేవనుకున్నానన్నావు. ఏడిచే హక్కు కూడా నువ్వే దాచుకున్నావు కదే! ఊరంతటికీ కబుర్లు మోసే యంత్రం చేశావు గాని, సొంత చెల్లెలికి ఒక్క కబురు పెట్టలేకపోయావు!"

తాను చేసిన త్యాగాన్ని అటువైపు నుంచి ముక్తేశ్వరి ఎప్పుడూ చూడలేదు. చెల్లెలు చెప్పింది అబద్ధం కాదు. పెళ్ళి ఆగకూడదన్నది ఒక కారణం. ఆ ఏడుపులో ఇంకెవరికీ వాటా ఇవ్వడం ఇష్టం లేకపోవడం ఇంకో కారణం.

"అవునే," అంది. "నాకే కావాలనుకున్నాను ఆయన్ని. చివరిదాకా నాకొక్కదానికే."

ముల్లు జారిపోయింది. వార్డులో ఒక్కొక్క మంచం పక్కనా యంత్రాల మోత తగ్గింది. హిమజ పెదాల నీలం విరిగి కాస్త రంగు వచ్చింది. మాస్కు మీద ఆవిరి పట్టింది. అక్కచెల్లెళ్ళిద్దరూ మంచం మీదుగా చేతులు చాపి పట్టుకున్నారు. రత్నాజీ గోడకి చేరబడి, పొద్దుటి నుంచి మొదటిసారి ఊపిరి పీల్చుకున్నాడు.

"పోన్లేవే, నాదే తప్పు," అంది ముక్తేశ్వరి కళ్ళు తుడుచుకుంటూ. "ఇంక నా మనసులో ఏమీ లేదు."

"కాదక్కా, తప్పంతా నాదే. నా మనసులోనూ ఏమీ లేదు. అన్నీ మర్చిపోదాం. ఇప్పట్నుంచి మనం ఎప్పట్లాగే ఉందాం."

రత్నాజీ మణికట్టు చురుక్కుమంది. చూసుకుని అదిరిపడ్డాడు. ముల్లు మళ్ళీ లేస్తోంది. ఈసారి రెండు గొంతులూ కలిసి.

"అమ్మా, వద్దండి! మర్యాదలొద్దు!" అని చేతులు జోడించాడు. "మీ పుణ్యముంటుంది, ఇంకా ఏమన్నా ఉంటే తీయండి. ఉన్నాయండి, ఇక్కడ కనపడుతోంది. మూడేళ్ళవే కాదు, ముప్ఫై ఏళ్ళవైనా సరే!"

అక్కచెల్లెళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంత జరిగాక, ఇంత ఏడ్చాక, మళ్ళీ పాతవన్నీ తవ్వుకోవడానికి ఇద్దరికీ సిగ్గేసింది. ముక్తేశ్వరి దుప్పటి సర్దింది, సత్యవేణి కూతురి జుట్టు సవరించింది. ఆలోగా ముల్లు ఇంకో గీత ఎక్కింది.

మంచం మీంచి ఉబ్బిన చెయ్యొకటి మెల్లగా లేచి మాస్కు పక్కకి జరిపింది.

"అమ్మా... పెద్దమ్మా..." అంది హిమజ. గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది గాని, మాట తెలుస్తోంది. "ఆపకండే. మీరు పోట్లాడుకుంటుంటే నాకు ఊపిరాడుతోంది."

నర్సు రెండు స్టూళ్ళు తెచ్చి మంచానికి అటొకటి, ఇటొకటి వేసింది. ముక్తేశ్వరి కూర్చుని కొంగు బిగించుకుంది.

"సరే. అయితే నువ్వు హిమజని కనడానికి నా దగ్గరికి పురిటికి వచ్చినప్పుడు, నా వంట తినలేక చిక్కిపోయానని ఎవరితో అన్నావో అది చెప్పు ముందు."